కుక్కకు పాపం లేదు, మరి యజమానికి?

అచ్యుతాపురం చుట్టుపక్కల కొత్తగా వెలసిన కాలనీల్లో ఒకసారి నడిచి చూడండి. చాలా గేట్లకు ఒకే బోర్డు కనిపిస్తుంది: "కుక్కలున్నవి జాగ్రత్త". ఎందుకో మీకు తెలియంది కాదు. ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాక ఇక్కడి కుటుంబాల దినచర్యే మారిపోయింది. బట్టల కంపెనీకి ఒకరు, మందుల కంపెనీకి ఒకరు షిఫ్టుల లెక్కన వెళ్తున్నారు. ఇంటి దగ్గర ముసలివాళ్ళు, బడి పిల్లలు మిగులుతారు. ఒక్కోసారి తాళంకప్ప ఒక్కటే మిగులుతుంది. అందుకని కాపలాకు ఒక కుక్కను తెచ్చుకుంటారు. పిల్లలు దానికి పేరు పెడతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అది ఇంట్లో మనిషి అయిపోతుంది.

ఆ బోర్డు బయటివాళ్ళ కోసం. కానీ ఆ కుక్క ఒకనాడు ఇంట్లోవాళ్ళనే కరిస్తే? దొంగను కాదు, కొత్తవాళ్ళను కాదు. రోజూ అన్నం పెట్టే మామ్మ చేతిని, పక్కన కూర్చుని బొమ్మలు ఆడుకునే పసిదాని చెంపను కరిస్తే? అప్పుడు ఇల్లంతా ఒకే మాట అంటుంది: "ఏ కారణమూ లేకుండా కరిచింది, ఫాదర్ గారూ!" దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "దాన్ని వదిలించుకుంటే పాపమా? ఉంచుకుంటే పాపమా?"

ఇది చిన్న ప్రశ్న అని నవ్వి వదిలేయకండి. నేరం అంటే ఏమిటి, బాధ్యత అంటే ఏమిటి, ప్రేమ ఎంతవరకు వెళ్ళాలి అనే మూడు పెద్ద ప్రశ్నలు ఇందులో ఉన్నాయి.

ఇలాంటప్పుడు మనవాళ్ళు సాధారణంగా మూడు పనుల్లో ఒకటి చేస్తారు. కొందరు "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అని కర్ర తీసుకుని చావబాదుతారు. కొందరు "పోనీలే, అది మా బిడ్డలాంటిది, ఏదో పొరపాటున పన్ను తగిలింది" అని గాయానికి గుడ్డ చుట్టి సంగతి దాచేస్తారు. మరికొందరు చీకటి పడ్డాక ఆటోలో ఎక్కించి, ఊరి బయట ఏ సముద్రం దారిలోనో దించేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. మొదటివారు కుక్కను నేరస్థుడిలా చూస్తున్నారు. రెండవవారు దాన్ని మనిషి బిడ్డలా చూస్తున్నారు. మూడవవారు చెత్తలా చూస్తున్నారు. అది ఈ మూడింటిలో ఏదీ కాదు.

మొదట నేరం మాట చూద్దాం. 1386లో ఫ్రాన్సు దేశంలోని ఫలేజ్ అనే పట్టణంలో ఒక ఆడపంది పసిబిడ్డను కరిచి చంపింది. ఊరి అధికారులు దానిమీద విచారణ జరిపి, శిక్ష విధించి, దానికి మనిషి బట్టలు తొడిగి నలుగురి ముందు ఉరి తీశారు. ఈనాడు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కానీ కుక్కను కొడుతూ "నీకెంత పొగరు? తిన్న ఇంటికే ద్రోహమా?" అని తిట్టేవాడు చేస్తున్నదీ అదే. పందికి చొక్కా తొడుగుతున్నాడు.

ఆ సంఘటనకు నూరేళ్ళ ముందే పునీత తోమాసు అక్వినాసు ఈ విషయం తేల్చి చెప్పారు. మంచి చెడులను బుద్ధితో తూచి, కావాలని ఒకదాన్ని ఎంచుకున్నప్పుడే ఒక క్రియ పాపమో పుణ్యమో అవుతుంది. జంతువుకు ఆ తూకం లేదు. కాబట్టి కుక్క పాపం చేయలేదు. ద్రోహం, కృతఘ్నత, పొగరు అన్నవి మన నిఘంటువులోని మాటలు. వాటికి దాని బుర్రలో చోటు లేదు.

అలాగని అది ఏమీ తెలియని యంత్రమూ కాదు. పదిహేడవ శతాబ్దంలో డెకార్ట్ అనే తత్త్వవేత్త జంతువులు గడియారంలాంటి యంత్రాలని వాదించాడు. కుక్కను పెంచినవారెవరూ ఆ మాట నమ్మరు. అక్వినాసు గారు అంతకుముందే ఇంకా బాగా చెప్పారు. తోడేలును చూసి గొర్రె పారిపోతుంది. దాని రంగు నచ్చకనా? ఆకారం నచ్చకనా? కాదు. అది తనకు శత్రువని పసిగట్టి. ఆలోచన లేకపోయినా, ఏది మేలు, ఏది కీడు అని పసిగట్టే ఒక శక్తి జంతువులో ఉందని ఆయన వివరించారు.

ఇప్పుడు "ఏ కారణమూ లేకుండా" అన్న మాటను మళ్ళీ చూడండి. మనకు కారణం కనిపించలేదు, నిజమే. కుక్క మాత్రం ఏదో ఒక కీడును పసిగట్టింది. అది నిజమైన కీడే కానక్కరలేదు. చెవిలో చీము పట్టిన కుక్క తల నిమరబోయిన చేతిలో నొప్పిని చూస్తుంది. కీళ్ళనొప్పులున్న ముసలి కుక్క మీద పిల్లవాడు వాలితే ప్రాణం పోయినట్టుంటుంది. చూపు మందగించిన కుక్కను నిద్రలో తడితే ఉలిక్కిపడి కరుస్తుంది. తింటున్న గిన్నె దగ్గరికి, పడుకునే మూలకు, ఈనిన పిల్లల దగ్గరికి ఎవరైనా వస్తే లాక్కుపోతారని భయపడుతుంది. గేటు బయట ఇంకో కుక్కను చూసి ఊగిపోతున్నప్పుడు పక్కనుంచి పట్టుకున్న యజమాని చేతిని కరుస్తుంది. కొన్నిసార్లు మెదడు జబ్బు వల్ల కూడా స్వభావం మారిపోతుంది. ఇవన్నీ పశువుల డాక్టర్లకు తెలిసిన సంగతులే.

వీటికి తోడు మనం తెచ్చిపెట్టే కారణం ఒకటుంది: గొలుసు. షిఫ్టుకు వెళ్తూ పొద్దున్నే కట్టేసి, రాత్రి వచ్చి అన్నం పడేసి, రోజుల తరబడి నాలుగడుగుల గొలుసు మీద ఎండలో ఉంచిన జంతువుకు ప్రతి అడుగుల చప్పుడూ బెదిరింపే. మనదేశంలో 1960లో చేసిన జంతు హింస నివారణ చట్టం ఈ సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. మరీ పొట్టిగా, మరీ బరువుగా ఉన్న గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమే. ఆ చట్టం వచ్చి అరవై ఏళ్ళు దాటింది. మన కాలనీల్లో ఎందరికి తెలుసు?

నన్నయగారి మహాభారతం ఒక కుక్క కథతోనే దాదాపు మొదలవుతుందని మీలో బడిలో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది. జనమేజయుడు యాగం చేస్తుండగా ఆడుకుంటూ వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొట్టి తరిమారు. దాని తల్లి సరమ నేరుగా రాజసభకు వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారని నిలదీసింది. తప్పు చేయనివారిని హింసించినవారికి అనుకోని భయాలు ఎదురవుతాయని చెప్పి వెళ్ళింది. కారణం లేకుండా మనిషి చేసిన దాడిని ఒక కుక్క ప్రశ్నించిన కథ అది. మన ఇంటి కుక్క నిష్కారణంగా కరిచిందని అనే ముందు, దాన్ని ఎవరైనా నిష్కారణంగా కొట్టారా, రాళ్ళు రువ్వారా, తోక లాగి ఏడిపించారా అని ఇంట్లో ఒకసారి అడగండి.

"మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను కూడా నమ్మకండి. మొరిగేదీ కరుస్తుంది. అయితే చాలా కుక్కలు కరిచే ముందు ఏదో ఒక సూచన ఇస్తాయి. ఒళ్ళు బిగదీసుకుంటాయి, మొహం తిప్పుకుంటాయి, మూతి నాక్కుంటాయి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తాయి, గుర్రుమంటాయి. గుర్రుమన్నందుకు దెబ్బ కొడితే అది భయపడటం మానదు, గుర్రుమనడం మానుతుంది. తర్వాతి సారి చప్పుడు లేకుండా కరుస్తుంది. అప్పుడు మనం "ఏ సూచనా లేకుండా కరిచింది" అంటాం.

ఇంతవరకు చదివి, "అయితే కుక్కది తప్పు లేదు కదా, ఇక గొడవేముంది?" అనుకోకండి. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. తప్పు లేనిది వేరు, ప్రమాదం లేనిది వేరు. పొయ్యిలో నిప్పుకు తప్పేమీ లేదు, అయినా పసిబిడ్డను దాని పక్కన వదిలి వెళ్ళం.

ఈ తేడాను దివ్యగ్రంథం ఎంతో కాలం క్రితమే పట్టుకుంది. నిర్గమకాండము ఇరవై ఒకటవ అధ్యాయంలో పొడిచే ఎద్దును గురించిన చట్టం ఉంది. అందులో రెండు సందర్భాలు చెప్పారు. ఎద్దు ఒక మనిషిని పొడిచి చంపితే దాన్ని చంపాలి, యజమానికి శిక్ష లేదు. కానీ అది ముందునుంచే పొడిచే ఎద్దయి, ఆ సంగతి యజమానికి చెప్పినా అతడు కట్టడి చేయకపోతే, అప్పుడు జరిగిన చావుకు యజమాని కూడా ప్రాణంతో జవాబు చెప్పాలి. ఎద్దు అదే, కొమ్ములు అవే, చావు అదే. రెండు సందర్భాలకూ తేడా ఒక్కటే: యజమానికి తెలుసా, తెలియదా?

ఈనాటి చట్టం కూడా ఆ దారిలోనే నడుస్తోంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షనుగా ఉండి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షనుగా ఉన్న నియమం ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు కలగగల ప్రమాదాన్ని తెలిసి గాని, నిర్లక్ష్యంతో గాని నివారించని యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "కుక్కలున్నవి జాగ్రత్త" అని బోర్డు తగిలించినవాడు, నాకు తెలియదని చెప్పడం కష్టం. తెలుసు కాబట్టే బోర్డు పెట్టాడు.

కాబట్టి మొదటి కాటు ఆ ఇంటికి అందిన కబురు. ఆ రోజు నుంచి మీకు తెలుసు. ఆ తర్వాత జరిగేదానికి కుక్క కాదు, మీరు జవాబుదారులు. ఆ కబురును "పన్ను తగిలింది" అని దాచిపెట్టడం కుక్క మీద ప్రేమ అనిపించుకోదు.

మరి ఏం చేయాలి? మొదట మనిషిని చూడండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. మన కుక్కే కదా, టీకా వేయించాం కదా అనుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న పాత భయం ఇప్పుడు అక్కరలేదు. ఆ మందు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటివి చేతికి వేసే కొద్దిపాటి సూదులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. డాక్టరు రాసిన తేదీలన్నీ పూర్తి చేయండి. కుక్కను చంపకుండా, తప్పించుకోకుండా విడిగా ఉంచి పది రోజులు కనిపెట్టి చూడాలి. హఠాత్తుగా స్వభావం మారి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే వెంటనే పశువుల డాక్టరుకు, మీ డాక్టరుకు చెప్పండి. రేబిస్ లక్షణాలు మనిషిలో బయటపడ్డాక బ్రతికినవారు బహు అరుదు. ఇక్కడ మొహమాటానికి తావు లేదు.

తర్వాత కుక్కను చూడండి. పశువుల డాక్టరుతో చెవులు, పళ్ళు, కీళ్ళు, కళ్ళు పరీక్ష చేయించండి. నొప్పి తగ్గితే కరవడం మానే కుక్కలు ఉన్నాయి. ఎవరిని, ఎక్కడ, ఏ సమయంలో, ఏం జరుగుతుండగా కరిచిందో ఒక కాగితం మీద రాయండి. రెండు మూడుసార్లు రాస్తే కనిపించని కారణం కనిపించవచ్చు. పిల్లలకూ దానికీ మధ్య తలుపు ఉండాలి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పసిపిల్లలను ఏ కుక్క దగ్గరా వదలకూడదు. మంచి కుక్క అయినా సరే. బయటికి తీసుకువెళ్తే గట్టి బెల్టు, మూతికి చిక్కం. రోజూ నడిపించండి. పిల్లలకు కూడా చెప్పండి: తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి పోకూడదని. కుక్కకు ఒక్కదానికే క్రమశిక్షణ నేర్పితే సగం పనే అయినట్టు.

ఇవన్నీ చేసినా ప్రమాదం తీరకపోతే? అప్పుడు రాత్రిపూట ఆటో ప్రయాణం గుర్తుకు వస్తుంది. ప్రియ పాఠకులారా, అది మాత్రం చేయకండి. 1960 చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా పెంపుడు జంతువును వదిలేయడం నేరం. నీతి దృష్టితో చూస్తే ఇంకా పెద్ద తప్పు. మీ బిడ్డను కరిచిన కుక్కను మీరు ఎవరి బిడ్డ నడిచే దారిలో దించి వచ్చారు? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపిన వార్తకు రాష్ట్రాలన్నీ కదిలిపోయాయి. 2025లో సుప్రీంకోర్టు వీధికుక్కల విషయం తనకు తానుగా చేపట్టి, ఆ ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కలను పట్టిన చోటే వదలవచ్చని, రేబిస్ ఉన్నవాటిని, దాడిచేసే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలరాదని చెప్పింది. నగరపాలికలే వీధిలో వదలకూడని కుక్కను మీరు వీధిలో వదలవచ్చా? చెప్పకుండా వేరొకరికి ఇవ్వడం కూడా అంతే. "చాలా మంచిదండీ, మాకు చోటు సరిపోక ఇస్తున్నాం" అనడం పొరుగువానికి అబద్ధపు సాక్ష్యం చెప్పడమే. నిజం పూర్తిగా చెప్పి, పిల్లలు లేని, కుక్కలను పెంచిన అనుభవం ఉన్న పెద్దవాళ్ళకు, వాళ్ళు తెలిసి ఒప్పుకుంటే ఇవ్వవచ్చు.

అలాంటివారూ దొరకక, వైద్యం పనిచేయక, ఇంట్లో తప్పించలేని పసిపిల్లలు ఉంటే, నొప్పి తెలియకుండా దాని ప్రాణం తీయించమని పశువుల డాక్టరే సలహా ఇవ్వవచ్చు. అది పాపమా? జంతువులను అనవసరంగా బాధించడం, అనవసరంగా చంపడం మనిషి గౌరవానికి తగదని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2418వ సంఖ్యలో బోధిస్తుంది. అక్కడే, మనుషులకు చెందవలసిన ప్రేమను జంతువులకు మళ్ళించరాదనీ చెబుతుంది. ఆ "అనవసరంగా" అన్న మాట దగ్గరే మీ మనస్సాక్షి నిలబడాలి. మూడు ప్రశ్నలు వేసుకోండి. కారణం వెతికామా? కట్టడి చేసే దారులన్నీ ప్రయత్నించామా? ఈ నిర్ణయం ఒక మనిషి ప్రాణం కోసమా, మన సౌకర్యం కోసమా? మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగితే అది పాపం కాదు, బరువైన కర్తవ్యం. చెప్పలేకపోతే, డాక్టరు సూది వేసినా ఆ పని హింసే. ఇన్నాళ్ళు సేవ చేసిన కుక్కను పనికిరాదని కాల్పించేవాడు తన మనసులోని మానవత్వాన్నే గాయపరచుకుంటాడని కాంట్ అనే తత్త్వవేత్త అన్నాడు. ఆ ఒక్క మాటలో ఆయనతో మనకు పేచీ లేదు.

ఆ నిర్ణయం తీసుకున్న ఇంట్లో పిల్లలకు "పారిపోయింది" అని చెప్పకండి. వాళ్ళు ఏడవనీయండి, మీరూ ఏడవండి. చివరి గంటలో దాని పక్కన ఇంటివాళ్ళు ఒకరు ఉండండి. దాన్ని ప్రేమించాం, కానీ నిన్ను కాపాడవలసి వచ్చింది అని చెబితే పిల్లవాడికి అర్థమవుతుంది. నిన్న ఉన్న ప్రాణిని చెప్పాపెట్టకుండా మాయం చేస్తే, ఈ ఇంట్లో తప్పు చేసినవాళ్ళు మాయమైపోతారని నేర్చుకుంటాడు.

"ధర్మరాజు స్వర్గం వదులుకోవడానికైనా సిద్ధపడ్డాడు గాని వెంట వచ్చిన కుక్కను వదలలేదు కదా, ఫాదర్ గారూ?" అని మీరు అడగవచ్చు. నిజమే. మన తోబితు గ్రంథంలో కూడా కుమారుడు దూరప్రయాణానికి బయలుదేరితే ఇంటి కుక్క వెంట వెళ్ళింది. నమ్మి వెంటవచ్చిన ప్రాణిని వదలకపోవడం గొప్ప ధర్మమే. అయితే ధర్మరాజు వదులుకోబోయింది తన స్వర్గాన్ని, పక్కింటి పిల్లవాడి చెంపను కాదు. నా త్యాగం నా సొమ్ములోంచి రావాలి. కుక్క కోసం నా డబ్బు, నా నిద్ర, నా సాయంత్రాలు ఎన్ని ఇచ్చినా మంచిదే. ఇంకొకరి ఒంటి మీది గాయాన్ని ఇచ్చే హక్కు మాత్రం నాకు లేదు.

కుక్క ఆత్మశోధన చేసుకోలేదు. దాని తరఫున ఆ ఇల్లే చేసుకోవాలి. ఈ ఆదివారం పూజ అయ్యాక ఇంటికి వెళ్ళి మీ కుక్క గొలుసు ఎన్ని అడుగులుందో కొలవండి. దాని టీకా చీటీ తీసి తేదీ చూడండి. అది గుర్రుమన్న రోజు ఏదైనా ఉంటే, ఆ సంగతి ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి. కాటు పడకముందే ఇంత చేస్తే, పైన రాసిన కష్టమైన నిర్ణయం చాలా ఇళ్ళకు రానే రాదు.